నిరపేక్ష నియమాన్ని వెతుకుతూ క్వాంటం దాకా: మాక్స్ ప్లాంక్ తాత్త్విక విశ్వాసాలు

క్వాంటం భావన జన్మదినంగా భౌతిక శాస్త్ర చరిత్రలో స్థిరపడిపోయిన 1900 డిసెంబర్ 14న, బెర్లిన్‌లో జర్మన్ భౌతిక శాస్త్ర సంఘం ముందు వేడి వస్తువుల వికిరణం గురించి ప్రసంగించిన మాక్స్ ప్లాంక్‌కు అప్పటికి 42 ఏళ్ళు. పాత భౌతిక శాస్త్రాన్ని కూలదోయాలని ఆయన ఆ సభకు రాలేదు. మనిషి ఇంద్రియాలతో గానీ పనిముట్లతో గానీ నిమిత్తం లేకుండా ఎల్లవేళలా చెల్లుబాటయ్యే నియమాలు కొన్ని ప్రకృతిలో ఉన్నాయని, వాటిని కనిపెట్టడమే శాస్త్రజ్ఞుడి జీవితానికి తగిన పని అని గట్టిగా నమ్మి, ఆ నమ్మకంతోనే ఇరవై ఏళ్ళకు పైగా ఉష్ణగతిక శాస్త్రంలోని ఒకే ఒక్క నియమం చుట్టూ తిరిగినవాడు ఆయన. ఆ నమ్మకం లేకపోతే ఆయన ఈ సమస్యను చేపట్టేవాడే కాదు. అందులో ఒక భాగాన్ని వదులుకోనిదే సమస్య తేలనూ లేదు.

పాఠ్యపుస్తకాలు ఈ కథను వేరే విధంగా చెబుతాయి. పాత సిద్ధాంతం ప్రకారం లెక్క కడితే వేడి వస్తువు నుంచి తక్కువ తరంగదైర్ఘ్యాల వైపు అనంతమైన శక్తి వెలువడాలి, ఈ 'అతినీలలోహిత విపత్తు' నుంచి భౌతిక శాస్త్రాన్ని కాపాడడానికే ప్లాంక్ క్వాంటంను ప్రతిపాదించాడు అన్నది ఆ కథ. అయితే ఆ పేరు పెట్టినవాడు పాల్ ఎహ్రెన్‌ఫెస్ట్, అది కూడా 1911లో. ఆ లెక్కకు మూలమైన లార్డ్ రేలీ చిన్న వ్యాసం 1900 జూన్‌లో వచ్చిన మాట నిజమే కానీ, ప్లాంక్ వాదన దాని మీద నిలబడలేదు. ఆయనను నడిపించిన ప్రశ్న ఇంకా పాతది, ఇంకా లోతైనది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఆయన బాల్యం దాకా వెళ్ళక తప్పదు.

ప్లాంక్ 1858 ఏప్రిల్ 23న ఉత్తర జర్మనీలోని కీల్ నగరంలో పుట్టాడు. తాత, ముత్తాత గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో క్రైస్తవ ధర్మశాస్త్ర ఆచార్యులు. తండ్రి న్యాయశాస్త్ర ఆచార్యుడు. ధర్మం, న్యాయం, నియమం అనే మాటలు ఆ ఇంట్లో తరతరాలుగా వృత్తిలో భాగం. కుటుంబం 1867లో మ్యూనిక్‌కు మారాక, అక్కడి మాక్సిమీలియన్ ఉన్నత పాఠశాలలో హెర్మన్ ముల్లర్ అనే ఉపాధ్యాయుడు ఆయనకు శక్తి నిత్యత్వ నియమాన్ని, అంటే శక్తి రూపం మారుతుందే తప్ప కొత్తగా పుట్టదు, నశించదు అనే సూత్రాన్ని, ఒక ఉదాహరణతో బోధించాడు. తాపీ పనివాడు బరువైన రాయిని ఎంతో శ్రమపడి ఇంటి కప్పు మీదికి చేరుస్తాడు. ఆ శ్రమ ఎక్కడికీ పోదు, ఏళ్ళ తరబడి ఆ రాయిలోనే దాగి ఉండి, ఎప్పుడో ఒకనాడు అది ఊడి కింద పోయేవాడి తల మీద పడినప్పుడు బయటపడుతుంది. మనుషుల ప్రమేయం లేకుండా తనంతట తానుగా చెల్లే నియమం గురించి తాను మొదటిసారి విన్నది అప్పుడేనని, అది తనకు ఒక విముక్తి సందేశంలా తోచిందని ప్లాంక్ వృద్ధాప్యంలో రాసుకున్న శాస్త్రీయ ఆత్మకథలో చెప్పాడు. 'నిరపేక్షం', అంటే దేని మీదా ఆధారపడనిది, చూసేవాడిని బట్టి మారనిది, అన్న మాట ఆ తర్వాత ఆయన రచనల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

మ్యూనిక్ ఆచార్యుడు ఫిలిప్ ఫాన్ యోలీ, భౌతిక శాస్త్రంలో కనిపెట్టవలసినవి దాదాపు అయిపోయాయని, అక్కడక్కడ చిన్న ఖాళీలు పూడ్చడమే మిగిలిందని ఈ కుర్రవాడికి సలహా చెప్పాడన్నది తరచుగా వినిపించే విషయమే. ప్లాంక్‌ను ఆ సలహా బాధించినట్టు లేదు. ఆయనకు కావలసింది కొత్తదనం కాదు, ఉన్న పునాదుల లోతు. బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్, కిర్కాఫ్‌ల ఉపన్యాసాలు విన్న రోజుల్లో ఆయన సొంతంగా చదువుకున్న రుడాల్ఫ్ క్లౌజియస్ వ్యాసాలు ఆ లోతును చూపించాయి. వేడి దానంతట అది వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకే ప్రవహిస్తుంది గానీ వెనక్కు రాదు అన్న నిత్యానుభవాన్ని క్లౌజియస్ ఒక సూత్రంగా మలిచి, 1865లో 'ఎంట్రోపీ' అనే రాశిని నిర్వచించాడు. ఏ వివిక్త వ్యవస్థలోనైనా, అంటే బయటితో సంబంధం లేని వ్యవస్థలోనైనా, ఎంట్రోపీ పెరుగుతుంది లేదా అలాగే ఉంటుంది, ఎన్నడూ తగ్గదు. ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం ఇదే. 1879లో ప్లాంక్ సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం ఈ నియమం మీదే. శక్తి నిత్యత్వంతో సమానంగా ఇది కూడా మినహాయింపులు లేని నిరపేక్ష నియమమని ఆయన నిశ్చయించుకున్నాడు.

ఆ నిశ్చయమే ఆయనను పరమాణువులకు ఎదురుగా నిలబెట్టింది. వియన్నాకు చెందిన లూడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ 1877లో ఎంట్రోపీకి పూర్తిగా వేరే అర్థం చెప్పాడు. వాయువు అంటే లెక్కలేనన్ని అణువుల గుంపు. ఆ అణువులు ఎన్ని విధాలుగా అమరితే పైకి ఒకే స్థితి కనిపిస్తుందో ఆ సంఖ్యను బట్టి ఆ స్థితి సంభావ్యత ఉంటుంది. ఎంట్రోపీ ఆ సంభావ్యతకు కొలత. ఈ వివరణలో ఎంట్రోపీ పెరగడమంటే తక్కువ సంభావ్యత గల స్థితి నుంచి ఎక్కువ సంభావ్యత గల స్థితికి మారడమే కాబట్టి, అది తగ్గడం అసాధ్యం కాదు, ఊహకందనంత అరుదు మాత్రమే. ఆచరణలో ఈ రెంటికీ తేడా లేదు. కానీ ప్లాంక్ కోరింది ఆచరణ కాదు. 'ఎన్నడూ జరగదు' అనే నియమానికీ 'దాదాపుగా జరగదు' అనే నియమానికీ మధ్య ఆయన కంటికి ఒక అగాధం కనిపించింది. పరమాణు సిద్ధాంతం ఇప్పటిదాకా ఎన్ని విజయాలు సాధించినా చివరికి పదార్థం అవిచ్ఛిన్నమైనదనే భావనకు చోటిచ్చి తప్పుకోవలసిందేనని ఆయన 1882లో అచ్చయిన వ్యాసం ముగింపులో రాశాడు. పరమాణువుల యుగానికి తలుపు తెరవబోయే మనిషి అప్పుడు వాటిని సాగనంపే తొందరలో ఉన్నాడు.

ఆ కాలపు ఆలోచనాపరులలో మరొక ప్రబలమైన గొంతు ఎర్న్‌స్ట్ మాక్‌ది. ఇంద్రియానుభూతులే మనకు తెలిసిన సమస్తమని, శాస్త్ర నియమాలు ఆ అనుభూతులను పొదుపుగా, తక్కువ ఆలోచనా శ్రమతో అమర్చుకునే పద్ధతులు మాత్రమేనని, కంటికి కనబడని పరమాణువులు లెక్కల సౌకర్యానికి కల్పించుకున్నవని ఆయన వాదన. కీల్‌లో పనిచేసిన 1885-89 నాటి రోజుల్లో తాను మాక్ అనుయాయినేనని ప్లాంక్ తర్వాత స్వయంగా ఒప్పుకున్నాడు. అయితే ఆ అనుబంధం నిలవగలిగేది కాదు. పరమాణువుల మీద అనుమానంలో ఇద్దరూ కలిశారే గానీ కారణాలు వేరు: మాక్‌కు అవి అనుభవానికి అందవు, ప్లాంక్‌కు అవి నియమం నిరపేక్షతను చెడగొడతాయి. నియమం మనిషి కల్పన అని ఒకరు, నియమం మనిషి కంటే ముందే ఉందని మరొకరు నమ్మినప్పుడు దారులు విడిపోక తప్పదు. విల్హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ ప్రచారం చేసిన శక్తివాదాన్ని, అంటే పరమాణువులు లేకుండా శక్తితోనే భౌతిక ప్రపంచాన్నంతా వివరించవచ్చనే వాదాన్ని, ప్లాంక్ 1896లోనే బహిరంగంగా ఖండించాడు. రెండో నియమానికి ఉన్న ప్రత్యేకతను, ప్రకృతికి వెనుదిరగని ఒక దిశ ఉందన్న సత్యాన్ని, ఆ వాదం చెరిపేస్తోందన్నది ఆయన అభ్యంతరం.

1889లో, కిర్కాఫ్ మరణంతో ఖాళీ అయిన స్థానంలో, ప్లాంక్ బెర్లిన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. కిర్కాఫ్ వదిలివెళ్ళిన ఒక ఫలితం ఆయన కోసమే కాచుకుని ఉన్నట్టు అనిపిస్తుంది. కమ్మరి కొలిమిలో ఇనుము కాలుతున్న కొద్దీ ఎర్రగా, నారింజ రంగుగా, ఆఖరికి తెల్లగా మెరుస్తుంది. వెలుగు రంగు వేడిని బట్టి మారుతుంది. తన మీద పడిన వెలుగునంతా పీల్చుకునే ఆదర్శ వస్తువును తీసుకుంటే, దాన్నే కృష్ణవస్తువు అంటారు, దాని నుంచి వెలువడే వికిరణం ఆ వస్తువు ఇనుమా, పింగాణీయా, బొగ్గా అన్నదానితో సంబంధం లేకుండా ఉష్ణోగ్రత మీద, తరంగదైర్ఘ్యం మీద మాత్రమే ఆధారపడుతుందని కిర్కాఫ్ 1859-60లో నిరూపించాడు. అన్ని వైపులా మూసి వేడిచేసిన బోలు పాత్రకు చిన్న రంధ్రం పెడితే ఆ రంధ్రం సరిగ్గా అలాంటి కృష్ణవస్తువులా ప్రవర్తిస్తుంది. పదార్థంతో నిమిత్తం లేని వికిరణం అంటే ప్లాంక్ భాషలో నిరపేక్షమైనదే. దాని గణిత రూపాన్ని పట్టుకోవడం తనకు తగిన లక్ష్యంగా ఆయనకు కనిపించింది.

ఈ లక్ష్యం తాత్త్వికమైనదే అయినా, దానికి కావలసిన కొలతలు వచ్చింది మాత్రం పరిశ్రమ అవసరాల నుంచి. 1887లో బెర్లిన్ శివార్లలోని షార్లోటెన్‌బర్గ్‌లో స్థాపించిన సామ్రాజ్య భౌతిక-సాంకేతిక సంస్థ, విద్యుద్దీపాల వెలుగును కొలవడానికి నమ్మకమైన ప్రమాణం కోసం వెతుకుతూ కృష్ణవస్తు వికిరణం మీద ప్రయోగాలు చేయించింది. ఆటో లుమ్మర్, ఎర్న్‌స్ట్ ప్రింగ్స్‌హైమ్, హైన్రిక్ రూబెన్స్, ఫెర్డినాండ్ కుర్ల్‌బౌమ్ వంటి ప్రయోగకర్తలు అక్కడ సాధించిన కచ్చితత్వం ఆనాటికి అపూర్వం. దీపాల పరిశ్రమ కొలమానం కోసం, ఒక ఆచార్యుడు శాశ్వత సత్యం కోసం ఒకే బోలు పాత్రలోకి తొంగిచూడడం శాస్త్ర చరిత్రలో అరుదైన సందర్భం.

ప్లాంక్ పథకం గొప్ప సాహసంతో మొదలైంది. సంభావ్యతల జోలికి పోకుండా, మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సమీకరణాల నుంచే వెనుదిరగని మార్పును, తద్వారా రెండో నియమాన్ని, నిరపేక్షంగా రాబట్టాలని ఆయన ఆశించాడు. పాత్ర గోడల్లో సూక్ష్మ డోలకాలు, అంటే ఒక నిర్ణీత వేగంతో ఊగిసలాడే విద్యుదావేశాలు, ఉన్నాయని ఊహించి, అవి వికిరణాన్ని పీల్చుకుని తిరిగి వెదజల్లే తీరును 1897 నుంచి ప్రష్యన్ అకాడమీకి వరుసగా ఐదు వ్యాసాల్లో సమర్పించాడు. ఆయన సహాయకుడు ఎర్న్‌స్ట్ జెర్మెలో 1896లోనే బోల్ట్‌జ్‌మన్ సిద్ధాంతం మీద గణిత శాస్త్రపరమైన దాడి చేశాడు. ఇప్పుడు బోల్ట్‌జ్‌మన్ వంతు వచ్చింది. మాక్స్‌వెల్ సమీకరణాల్లో కాలాన్ని వెనక్కు తిప్పినా అవి అలాగే చెల్లుతాయి కాబట్టి, వాటి నుంచి మాత్రమే వెనుదిరగని మార్పు రాదని ఆయన 1897లో చూపించాడు. ప్లాంక్ మరుసటి ఏడాది ఆ విమర్శను అంగీకరించి, వికిరణంలోని తరంగాల మధ్య ఏ ప్రత్యేకమైన పొందికా ఉండదనే 'సహజ వికిరణం' అనే ఊహను తన వాదనలో చేర్చుకున్నాడు. బోల్ట్‌జ్‌మన్ వాయువుల విషయంలో చేసిన అస్తవ్యస్తత ఊహకు ఇది తోబుట్టువు. తాను తిరస్కరించిన మార్గం వైపు ఆయన వేసిన మొదటి అడుగు ఇదే, అది కూడా ఓటమి రూపంలో.

1899 మేలో వచ్చిన ఐదో వ్యాసం ప్లాంక్ మనసును మిగతా అన్నింటికంటే స్పష్టంగా చూపిస్తుంది. విల్హెల్మ్ వీన్ 1896లో ప్రతిపాదించిన వికిరణ సూత్రాన్ని తాను సిద్ధాంతపరంగా రుజువు చేశానని అప్పటికి ఆయన నమ్మకం. అందులోని రెండు స్థిరాంకాలు ఏ పదార్థానికీ చెందనివి. కాంతి వేగాన్ని, గురుత్వ స్థిరాంకాన్ని వాటితో కలిపితే పొడవుకు, ద్రవ్యరాశికి, కాలానికి, ఉష్ణోగ్రతకు సహజ ప్రమాణాలు దొరుకుతాయని ఆయన గమనించాడు. మీటరు భూమి చుట్టుకొలతను బట్టి, సెకను భూభ్రమణాన్ని బట్టి, డిగ్రీ నీటి గుణాలను బట్టి ఏర్పడ్డాయి. అవన్నీ మన గ్రహపు యాదృచ్ఛికాలు. ఈ కొత్త ప్రమాణాలు అన్ని కాలాలకూ, అన్ని నాగరికతలకూ, భూమికి ఆవలివైనా మానవేతరమైనవైనా సరే, ఒకే అర్థాన్ని ఇస్తాయని ప్లాంక్ రాశాడు. ఆయన లెక్కలో పొడవు ప్రమాణం 4.13×10⁻³³ సెంటీమీటర్లు, దేన్నీ కొలవడానికి పనికిరానంత చిన్నది. ప్రయోజనం గురించి ఆయన చింతించనే లేదు. ఇక్కడ గుర్తించవలసిన విషయం ఒకటుంది: ఆ రెండు స్థిరాంకాలలో ఒకదాని విలువ 6.885×10⁻²⁷ ఎర్గ్-సెకన్లు. తర్వాత క్వాంటం స్థిరాంకంగా ప్రసిద్ధి పొందినది ఇదే. క్వాంటం భావన కంటే ఏడాదిన్నర ముందే, దాని అర్థం తెలియకుండానే, నిరపేక్షమైన అంకెగా అది ఆయన చేతికి చిక్కింది.

వీన్ సూత్రం ఎక్కువ కాలం నిలవలేదు. దీర్ఘ తరంగదైర్ఘ్యాల దగ్గర కొలతలు దాని నుంచి పక్కకు తప్పుతున్నాయని షార్లోటెన్‌బర్గ్ ప్రయోగాలు చూపించసాగాయి. 1900 అక్టోబర్ 7, ఆదివారం నాడు భార్యతో కలిసి ప్లాంక్ ఇంటికి వచ్చిన రూబెన్స్, 51 మైక్రాన్ల దాకా చేసిన కొలతల్లో వికిరణ తీవ్రత ఉష్ణోగ్రతకు అనులోమంగా పెరుగుతోందని చెప్పాడు. ఆ సాయంత్రమే ప్లాంక్ ఎంట్రోపీ సమీకరణంలో ఒక చిన్న మార్పు చేసి, రెండు కొసలకూ సరిపోయే కొత్త సూత్రాన్ని రూపొందించి, కార్డు మీద రాసి రూబెన్స్‌కు పంపాడు. అక్టోబర్ 19న దాన్ని సభలో ప్రకటించిన మర్నాడు ఉదయమే రూబెన్స్ వచ్చి, రాత్రంతా పోల్చి చూశానని, అన్నిచోట్లా సరిపోతోందని చెప్పాడు. మరొకరైతే అక్కడితో తృప్తి పడేవారు. అదృష్టవశాత్తు కుదిరిన ఊహగా మిగిలిపోయే సూత్రం ప్లాంక్‌కు చాలదు. అది ఎందుకు నిజమో తేలాలి.

తర్వాతి వారాలు తన జీవితంలోకెల్లా కఠినమైన శ్రమతో గడిచాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. చివరికి ఆయన బోల్ట్‌జ్‌మన్ తలుపు తట్టాడు. ఎంట్రోపీని సంభావ్యతగా చూడాలంటే అమరికలను లెక్కించాలి; లెక్కించాలంటే శక్తిని విడి ముక్కలుగా భావించాలి. కల్లంలో ధాన్యపు రాశిని ఎన్ని విధాలుగా పంచవచ్చు అంటే జవాబు లేదు, అదే ధాన్యాన్ని కుంచాలతో కొలిచి పంచుతామంటే పంపకాల సంఖ్య తేలుతుంది. 10 డోలకాలకు 100 శక్తి మూలకాలను పంచడాన్ని ప్లాంక్ స్వయంగా ఉదాహరణగా చూపాడు. బోల్ట్‌జ్‌మన్ కూడా 1877లో ఇలాగే శక్తిని ముక్కలు చేశాడు కానీ, లెక్క ముగిశాక ఆ ముక్క పరిమాణాన్ని సున్నా చేసేశాడు. కుంచం లెక్క కోసమే తప్ప ధాన్యంలో కుంచాలు లేవు. ప్లాంక్‌కు ఆ వెసులుబాటు లేకపోయింది. కొలతలతో సరిపోయిన సూత్రం రావాలంటే శక్తి మూలకం సున్నా కాకూడదు, డోలకపు పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు అది ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్యను, ఒక స్థిరాంకంతో గుణిస్తే వచ్చే విలువే దానికి ఉండాలి. ఆ స్థిరాంకానికి ఆయన ఇచ్చిన విలువ 6.55×10⁻²⁷ ఎర్గ్-సెకన్లు; నేటి విలువకు రెండు శాతం లోపు తేడా.

ఈ మెట్టును తాను నిస్పృహతో తీసుకున్న చర్యగా ప్లాంక్ 1931లో అమెరికన్ భౌతిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్‌కు రాసిన లేఖలో వర్ణించాడు. అదే లేఖలో, ఉష్ణగతిక శాస్త్రపు రెండు నియమాలను తప్ప తన పూర్వ విశ్వాసాల్లో దేన్నైనా బలిపెట్టడానికి సిద్ధపడ్డానని కూడా చెప్పాడు. విశ్వాసం శాస్త్రాన్ని ఎలా నడుపుతుందో ఇంతకంటే తేటగా చెప్పే సాక్ష్యం దొరకడం కష్టం. తాత్త్విక నమ్మకం ఆయనకు జవాబు చెప్పలేదు. దేన్ని ఇవ్వవచ్చో, దేన్ని ఇవ్వకూడదో చెప్పింది. అవిచ్ఛిన్న పదార్థం పోయింది, సంభావ్యత పట్ల విముఖత పోయింది, నియమాలు మిగిలాయి. ఆ మిగిలిన రెండో నియమం కూడా యౌవనంలో ఆయన నమ్మినది కాదు, బోల్ట్‌జ్‌మన్ రూపంలోకి మారినది. ఎంట్రోపీ సంభావ్యత సంవర్గమానానికి అనులోమం అనే సంబంధాన్ని ఒక స్థిరాంకంతో సహా మొదట రాసినవాడు ప్లాంకే. ఆ స్థిరాంకానికి బోల్ట్‌జ్‌మన్ పేరు వచ్చింది, ఆ సమీకరణం వియన్నాలోని బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద చెక్కబడింది.

స్థిరాంకాలు మరొక బహుమతిని కూడా ఇచ్చాయి. వికిరణపు కొలతల నుంచే ప్లాంక్ ఒక గ్రామ్-అణువులోని అణువుల సంఖ్యను 6.175×10²³ అని, ఎలక్ట్రాన్ విద్యుదావేశాన్ని 4.69×10⁻¹⁰ స్థిరవిద్యుత్ ప్రమాణాలని గణించాడు. అప్పట్లో ఇతర పద్ధతుల్లో వచ్చిన విలువల కంటే ఇవి ఎంతో మెరుగైనవి. 1908లో రూథర్‌ఫర్డ్, గైగర్ ఆల్ఫా కణాలను ఒక్కొక్కటిగా లెక్కించి పొందిన ఆవేశం విలువ 4.65×10⁻¹⁰, ఎనిమిదేళ్ళ ముందు ఒక వేడి పాత్ర రంధ్రంలోంచి చూసి చెప్పిన అంకెకు అది దాదాపు సమానం. శక్తి విడి మూలకాల కంటే ఈ అంకెలే ప్లాంక్‌కు ఎక్కువ ఆనందాన్నిచ్చాయని ఆయన రచనల ధోరణి సూచిస్తుంది, అది ఆయన స్వభావానికి తగినదే.

మరి శక్తి నిజంగానే ముక్కలుగా ఉంటుందని ఆయన 1900లో నమ్మాడా? నమ్మలేదని, ఆ విచ్ఛిన్నతను స్పష్టంగా ముందుకు తెచ్చినవాళ్ళు ఐన్‌స్టైన్, ఎహ్రెన్‌ఫెస్ట్ అని శాస్త్ర చరిత్రకారుడు థామస్ కూన్ 1978లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. ఈ వాదనను అందరూ ఒప్పుకోలేదు కానీ, ప్రకృతిలో అవిచ్ఛిన్నత పట్ల ప్లాంక్‌కు ఉన్న మమకారం మాత్రం సందేహానికి అతీతం. 1905లో ఐన్‌స్టైన్ కాంతి కూడా విడి క్వాంటాలుగా ప్రయాణిస్తుందన్నప్పుడు ఆయన అంగీకరించలేదు. 1911-12లో డోలకాలు శక్తిని అవిచ్ఛిన్నంగానే పీల్చుకుంటాయి, వెదజల్లేటప్పుడు మాత్రమే క్వాంటాలుగా వదులుతాయి అంటూ సవరించిన సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. 1913లో ఐన్‌స్టైన్‌ను ప్రష్యన్ అకాడమీకి సిఫారసు చేస్తూ సహోద్యోగులతో కలిసి సంతకం చేసిన పత్రంలో, కాంతి క్వాంటాల ఊహను క్షమించదగిన అతిశయంగా పేర్కొన్నారు. ఏ నమ్మకం ఆయనను కనుగొన్నదాని దాకా తెచ్చిందో, దాని బంధువే ఆయనను ఆ వాకిట్లో నిలిపివేసింది.

1908 డిసెంబర్‌లో లైడెన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన తన తత్త్వాన్ని బహిరంగంగా ప్రకటించాడు. భౌతిక శాస్త్ర చరిత్ర అంటే మనిషి ఇంద్రియాల నుంచి శాస్త్రం క్రమంగా విముక్తి పొందడమే: ధ్వని చెవి నుంచి, కాంతి కంటి నుంచి, వేడి స్పర్శ నుంచి విడిపోయి ఒకే విశ్వచిత్రంలో భాగమయ్యాయి. ఎంట్రోపీని మానవుడి ప్రయోగ నైపుణ్యం నుంచి విడదీసినందుకు బోల్ట్‌జ్‌మన్‌ను అక్కడ ఆయన కొనియాడాడు. రెండేళ్ళ కిందట, 1906లో, ఆత్మహత్య చేసుకున్న బోల్ట్‌జ్‌మన్ ఆ మాటలు వినడానికి లేడు. తాను ఒకప్పుడు అనుసరించిన మాక్ సిద్ధాంతాన్ని కూడా ఆయన అక్కడే కఠినంగా విమర్శించాడు. మాక్ 1910లో జవాబిచ్చాడు, ప్లాంక్ మళ్ళీ ప్రత్యుత్తరం రాశాడు. కోపర్నికస్, కెప్లర్, న్యూటన్ వంటివారు పరిశోధన చేసింది ఆలోచనా పొదుపు కోసం కాదు, తమ విశ్వచిత్రం సత్యమని నమ్మినందువల్లే అన్నది ఆయన వాదన సారాంశం. ఆ మాటల్లో 1900 నాటి సొంత అనుభవం వినిపిస్తుంది.

1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్, ప్లాంక్ వాదన సగం పాత విద్యుదయస్కాంత సిద్ధాంతం మీద, సగం క్వాంటం మీద నిలబడి ఉండడంతో అసంతృప్తి చెంది, గోడల్లోని డోలకాల ప్రస్తావనే లేకుండా, కాంతి క్వాంటాలను కొత్త పద్ధతిలో లెక్కించి అదే సూత్రాన్ని రాబట్టి ఐన్‌స్టైన్‌కు పంపాడు. ప్లాంక్ కట్టిన సారువలో ఒక్కొక్క కర్రా అలా తొలగిపోతూ వచ్చింది, స్థిరాంకం మాత్రం కదలలేదు. ప్లాంక్ బెర్లిన్‌కు వచ్చిన 1889లోనే, పారిస్ దగ్గర సెవ్ర్‌లో భద్రపరిచిన ప్లాటినం-ఇరిడియం లోహపు దిమ్మెను కిలోగ్రాముకు అంతర్జాతీయ ప్రమాణంగా ప్రకటించారు. 2019 మే 20న ఆ దిమ్మెకు విశ్రాంతినిచ్చి, ప్లాంక్ స్థిరాంకానికి 6.62607015×10⁻³⁴ జౌల్-సెకన్లు అనే మారని విలువను నిర్ణయించి, ప్రపంచ దేశాలు కిలోగ్రామును దాని మీద నిలబెట్టాయి. ఉష్ణోగ్రత ప్రమాణమైన కెల్విన్‌ను బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం మీద నిలబెట్టాయి.